పక్క బెడ్డు అతను ఐదో రోజే ఇంటికెళ్ళాడు, మా అన్నయ్యను ఎందుకు పంపడం లేదు?

ప్రశ్న: మా అన్నయ్యకు 41 ఏళ్ళు. బైక్ మీద వెళ్తుంటే కారు గుద్దింది. తొడ ఎముక, కుడివైపు నాలుగు పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి కమిలిందన్నారు, తలలో కొద్దిగా రక్తస్రావం కూడా ఉందన్నారు. వారం పాటు ఐసీయూలో ఉన్నాడు, అందులో నాలుగు రోజులు వెంటిలేటర్ మీద. కాలికి మొదటి రోజు బయటి నుంచి రాడ్లు బిగించారు, వారం తర్వాత మళ్ళీ ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. పది పన్నెండు రోజుల్లో పంపుతామని మొదట్లో చెప్పిన వాళ్ళు మూడు వారాలు దాటినా ఇంకా చూద్దాం అంటున్నారు. పక్క బెడ్డులో అదే తొడ ఎముక విరిగినతను ఐదో రోజు వెళ్ళిపోయాడు. నెట్‌లో చూస్తే యాక్సిడెంట్ కేసులు సగటున కొద్ది రోజులే ఉంటాయని ఉంది. బిల్లు కోసమే ఉంచుకుంటున్నారు, ఒకే కాలికి రెండు ఆపరేషన్లేమిటి, సంతకం పెట్టి తీసుకొచ్చేయండి అని బంధువులు ఒకటే గొడవ. మా వదినకేమో ఇంటికి తీసుకెళ్తే ఏమవుతుందో అని భయం. ఏం చెయ్యమంటారు?

సమాధానం: మీరు రాసిన దెబ్బలకు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండడం వింతేమీ కాదు. అలాగని ఇప్పుడు గడుస్తున్న ప్రతి రోజూ అవసరమైనదేనని నేను హామీ ఇవ్వలేను. గాయాల వల్ల పట్టే రోజులు కొన్ని ఉంటాయి, ఎవరో ఒకరి కోసం ఎదురుచూడ్డంలో పోయే రోజులు కొన్ని ఉంటాయి, మీరు తేల్చుకోవలసింది ఇప్పుడు మీ అన్నయ్య ఏ రకం రోజుల్లో ఉన్నాడన్నది. దానికి డాక్టరీ చదువు అక్కర్లేదు. రోజూ ఉదయం ఒక్క ప్రశ్న అడిగితే చాలు, "ఇవాళ మా అన్నయ్యకు ఆసుపత్రిలో మాత్రమే జరగాల్సిన పని ఏముంది?" అని. ఆ ప్రశ్న ఎవరిని ఎలా అడగాలో చెప్తాను, కానీ ముందు మీ బంధువుల మాటల్లో ఏది నిజమో ఏది కాదో చూద్దాం.

పక్క బెడ్డు సంగతి. వార్డుల్లో మనశ్శాంతి పోయేది ఎక్కువగా ఈ పోలికతోనే. ఇద్దరికీ తొడ ఎముకే విరిగింది, నిజమే, కానీ అతనికి అదొక్కటే విరిగింది. దెబ్బల తీవ్రతను కొలవడానికి ఇంజురీ సివియారిటీ స్కోర్ అనే లెక్క ఒకటుంది, 1974లో సూసన్ బేకర్, ఆమె తోటి పరిశోధకులు తయారుచేశారు, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఒంటిని ఆరు భాగాలుగా చూసి ఒక్కో భాగంలోని పెద్ద దెబ్బకు 1 నుంచి 6 దాకా అంకె వేస్తారు, ఎక్కువ అంకె వచ్చిన మూడు భాగాలను తీసుకుని ప్రతి అంకెనూ దానితోనే హెచ్చవేసి, వచ్చిన మూడింటినీ కలుపుతారు. తొడ ఎముక విరిగితే సాధారణంగా 3 పడుతుంది. కాబట్టి పక్క బెడ్డు అతనికి మూడు మూళ్ళు తొమ్మిది, అంతటితో సరి. మీ అన్నయ్య కేస్ షీట్ నేను చూడలేదు గానీ తలకు 3, ఛాతీకి 3, కాలికి 3 అనుకుంటే తొమ్మిదీ తొమ్మిదీ తొమ్మిదీ కలిపి 27. ఈ లెక్క 15 దాటితేనే పెద్ద ట్రామా, అంటే తీవ్రమైన గాయాల కేసు, అంటారు. పైకి చూస్తే రెండు కాళ్ళూ ఒకేలా కనిపిస్తాయి, లోపల మీ అన్నయ్య ఒళ్ళు ఒకేసారి మూడు చోట్ల మానుకోవాల్సి వచ్చింది. స్కోరు ఒక్కటే రోజులను తేల్చదనుకోండి, వయసు, షుగరు, పొగతాగే అలవాటు, మధ్యలో వచ్చిపడే ఇన్‌ఫెక్షన్ అన్నీ కలుస్తాయి, కానీ ఆ పోలికను మనసులోంచి తీసెయ్యడానికి ఈ మాత్రం చాలు.

నెట్‌లో చూసిన సగటు కూడా మీకు పనికిరాదు. ట్రామా రోగుల్లో చాలామంది రెండు మూడు రోజుల్లో వెళ్ళిపోతారు, కొద్దిమంది నెలల తరబడి ఉంటారు, ఆ కొద్దిమందే వార్డు మొత్తం బెడ్డు రోజుల్లో పెద్ద వాటా తీసుకుంటారు. ఇంత తేడా ఉన్నచోట సగటు ఎవరికీ సరిపోదు. ఇంకో ఇబ్బంది ఉంది, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్తాను. దెబ్బలు మరీ ఎక్కువై మొదటి రోజో రెండో రోజో చనిపోయిన వాళ్ళు కూడా లెక్కల్లో తక్కువ రోజులు ఉన్నవాళ్ళుగానే కనిపిస్తారు. అందుకే తక్కువ రోజులు అనగానే మంచి వైద్యం అనుకోకూడదు, ఎక్కువ రోజులు అనగానే మోసం అనుకోకూడదు.

పది పన్నెండు రోజులు అన్న మాట ఎప్పుడన్నారో గుర్తు చేసుకోండి. మొదటి రోజా? అప్పటికి వాళ్ళ చూపంతా ప్రాణం మీదే ఉంటుంది, శ్వాస, రక్తస్రావం, తల. ఆ హడావిడిలో చేతి వేలి ఎముకో పాదం ఎముకో విరిగినా కనబడకుండా పోవచ్చు, అందుకే రోగి కాస్త నిలకడయ్యాక మరోసారి తల నుంచి పాదం దాకా పూర్తిగా పరీక్ష చేస్తారు. ఊపిరితిత్తి కమిలిన దెబ్బయితే మొదటి రోజు ఎక్స్‌రేలో కొంచెమే కనిపించి రెండో రోజుకి ముదరడం మామూలే. కాబట్టి మొదట చెప్పిన రోజులు మాట ఇచ్చినట్టు కాదు. ఆ అంచనా మారినప్పుడు మిమ్మల్ని కూర్చోబెట్టి ఎందుకు మారిందో చెప్పాల్సింది, అది చెప్పకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. సగం అనుమానాలు అక్కడే పుడతాయి.

ఇక ఒకే కాలికి రెండు ఆపరేషన్లు. బయటివాళ్ళకు ఇది బిల్లు పెంచే పనిలా కనిపిస్తుందని నాకు తెలుసు, కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అన్నయ్య డాక్టర్లు జాగ్రత్తగా ఆలోచించే చేసినట్టున్నారు. తొడ ఎముక విరిగితే తొందరగా బిగించడం మంచిది, 1989లో అమెరికాలో 178 మంది మీద చేసిన అధ్యయనంలో 24 గంటల్లోపు బిగించిన వాళ్ళతో పోలిస్తే 48 గంటల తర్వాత బిగించిన వాళ్ళలో, ముఖ్యంగా ఒళ్ళంతా దెబ్బలున్న వాళ్ళలో, ఊపిరితిత్తుల సమస్యలు ఎక్కువయ్యాయి, ఐసీయూలో రోజులూ ఎక్కువయ్యాయి, ఖర్చూ పెరిగింది. కారణం సులువుగానే అర్థమవుతుంది, బిగించని తొడ ఎముకతో మనిషిని కూర్చోబెట్టలేం, పక్కకు తిప్పలేం, వెల్లకిలా పడుకుని ఉంటే కఫం దిగదు. అయితే ఎముక లోపలి గుజ్జు గుండా రాడ్డు దింపేటప్పుడు కొవ్వు కణాలు రక్తంలోకి వెళ్ళి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంటుంది, అప్పటికే ఊపిరితిత్తి కమిలిన మనిషికి, తలలో రక్తస్రావం ఉన్న మనిషికి మొదటి రోజే అంత పెద్ద ఆపరేషన్ తట్టుకోవడం కష్టం. అందుకని ముందు తక్కువ సమయంలో అయిపోయేలా బయటి నుంచి రాడ్లు బిగించి ఎముకను కదలకుండా నిలబెడతారు, ఊపిరితిత్తి కోలుకున్నాక అసలు రాడ్డు వేస్తారు. మీ బంధువులకు ఈ మాట చెప్పండి: రెండో ఆపరేషన్ మొదటి దాన్ని సరిదిద్దడానికి చేసింది కాదు, మొదటి రోజే అనుకుని పెట్టుకున్న రెండో అంచె.

వెంటిలేటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది తీసేశాక కూడా రోజులు పెరుగుతూనే ఉంటాయి, ఎందుకో ఎవరూ వివరించరు. 2013లో లండన్‌లో ఐసీయూ రోగుల తొడ కండరాన్ని స్కాన్ చేసి కొలిస్తే పది రోజుల్లో 17 శాతానికి పైగా తగ్గిపోయింది. అది తొడ ఎముక విరిగిన వాళ్ళ లెక్క కాదు, మామూలుగా ఒళ్ళు విషమించి ఐసీయూలో పడుకున్న వాళ్ళది. మీ అన్నయ్యకు దాని మీద కాలి ఆపరేషన్ కూడా. నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి, రెండు అడుగులకే ఆయాసం వస్తోంది అంటే ఆశ్చర్యపోకండి. రాత్రిళ్ళు తికమకగా మాట్లాడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం కూడా ఐసీయూ తర్వాత కొందరిలో ఉంటుంది, చాలామందిలో తగ్గిపోతుంది, కానీ తలకు దెబ్బ తగిలిన మనిషి కాబట్టి అలాంటిది కనిపిస్తే మీ అంతట మీరు సర్దిచెప్పుకోకుండా డ్యూటీ డాక్టర్‌కు చెప్పి తీరాలి.

పక్కటెముకలకు కట్టు ఉండదు, రాడ్డు కూడా చాలామందికి అవసరం ఉండదు, అందుకే అదేదో చిన్న దెబ్బ అనుకుంటారు. అది పొరపాటు. నొప్పికి భయపడి మనిషి గట్టిగా ఊపిరి తీయడు, దగ్గడు, కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది, న్యుమోనియా వస్తే ఇంకో వారం. నొప్పి మందు ఎక్కువ వాడితే మంచిది కాదేమో అని చాలా ఇళ్ళలో రోగిని ఓర్చుకోమంటారు, ఛాతీ దెబ్బల్లో అది నేరుగా ఆసుపత్రి రోజులు పెంచే సలహా. మీ అన్నయ్య హాయిగా దగ్గగలుగుతున్నాడా లేదా చూడండి, లేకపోతే నొప్పి తగ్గడానికి ఇంకేమైనా చెయ్యమని అడగండి.

బిల్లు గురించి. ట్రామా కేసులో డబ్బులో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే ఖర్చవుతుంది: స్కాన్లు, రక్తం, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, వెంటిలేటర్, ఒక్క మనిషిని దాదాపుగా అంటిపెట్టుకుని ఉండే నర్సులు. వార్డులోకి వచ్చాక రోజుకయ్యే ఖర్చు బాగా పడిపోతుంది. 2000లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ సర్జన్లు తమ ఆసుపత్రిలో 12,000 మందికి పైగా రోగుల ఖర్చులు తీసి చూస్తే చివరి పూర్తి రోజున అయిన ఖర్చు మొత్తంలో 3 శాతం కూడా లేదు. అంటే ఒక రోజు ముందు పంపేస్తే ఆసుపత్రికి మిగిలేది చాలా తక్కువ, అదే ఒక న్యుమోనియాను ఆపితే, వెంటిలేటర్ ఒక రోజు ముందు తీయగలిగితే మిగిలేది ఎక్కువ. అయితే ఇది ఆసుపత్రికయ్యే ఖర్చు, మీ చేతికిచ్చే బిల్లు వేరే లెక్క, వార్డు అద్దె రోజుకింత అని వేసే చోట మీకు ప్రతి రోజూ బరువే. అందుకే రోజువారీ బిల్లు వివరం అడిగి తీసుకోండి, అందులో అర్థం కాని పరీక్ష ఉంటే ఇది ఎందుకు చేశారని అడగండి. రోజూ ఒకే రక్త పరీక్ష, ఒకే ఎక్స్‌రే పదే పదే కనిపిస్తుంటే వాటి ఫలితం బట్టి వైద్యంలో ఏం మారుస్తున్నారని అడగడం మీ హక్కు, గొడవ పడక్కర్లేదు, అడిగితే చాలు.

ఇప్పుడు అసలు విషయం, ఎదురుచూపు రోజులు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. మూడు వారాలు దాటిన ట్రామా రోగి విషయంలో ఆలస్యం గాయం దగ్గర కాకుండా మనుషుల మధ్య జరుగుతుండడం చాలా మామూలు. ఎముకల డాక్టర్ మా వైపు నుంచి పంపొచ్చు అంటాడు, కానీ న్యూరో డాక్టర్ ఇంకో స్కాన్ చూశాక చెప్తానన్నాడు, ఆ స్కాన్ రాసేవాళ్ళు లేరు, రాశాక తీసేవాళ్ళు రేపు అంటారు, ఆ రిపోర్టు వచ్చేసరికి సెలవు రోజు. ఫిజియోథెరపిస్ట్ రెండు రోజులు రాలేదు కాబట్టి నడక మొదలవలేదు, నడవలేదు కాబట్టి ఇంటికి పంపలేమంటారు. యూరిన్ పైపు ఇంకా ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు. ఇంజెక్షన్ బదులు మాత్ర ఇవ్వొచ్చేమో ఎవరూ చూడరు. ఇందులో ఏ ఒక్కరిదీ దురుద్దేశం కాదు, కానీ మూడు విభాగాలు చూస్తున్న రోగికి బాధ్యుడైన డాక్టర్ ఒక్కడంటూ లేకపోతే ప్రతి విభాగమూ ఇంకొకరి కోసం ఆగుతుంది. ఆ ఊరికే గడిచే రోజులు ఊరికే పోవు కూడా, కండరం కరుగుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, ఒత్తుడు పుండ్లు వస్తాయి, ఆసుపత్రిలో తిరిగే మొండి సూక్ష్మజీవులు అంటుకుంటాయి, మీవాళ్ళ నిద్ర, పని, డబ్బు పోతాయి. అదే సమయంలో కింద ఎమర్జెన్సీలో ఇంకెవరో స్ట్రెచర్ మీద ఆ బెడ్డు కోసమే చూస్తుంటారు.

కాబట్టి రేపు ఉదయం చేయవలసింది ఇది. రౌండ్స్‌కు వచ్చినప్పుడు, మీ అన్నయ్య కేసు మొత్తానికి బాధ్యత ఏ డాక్టర్‌దో పేరు అడిగి తెలుసుకోండి. ఆయనతో పది నిమిషాలు కూర్చోవాలి, ఎప్పుడు కుదురుతుందో చెప్పమనండి, నడుస్తూ వరండాలో మాట్లాడితే సగం వినబడదు, వినబడింది గుర్తుండదు. ఇంటి నుంచి ఒకరే మాట్లాడండి, మీరో మీ వదినో, పుస్తకం ఒకటి పెట్టుకుని రాసుకోండి. "ఎప్పుడు పంపుతారు" అని అడగకండి, దానికి చూద్దాం అనే జవాబే వస్తుంది. "ఏమేం అయితే పంపుతారు" అని అడగండి. ఆక్సిజన్ లేకుండా ఉండగలగాలా, జ్వరం లేకుండా ఎన్ని రోజులు గడవాలి, మంచం దిగి కుర్చీలోకి ఒక్కరి సాయంతో రాగలగాలా, తల స్కాన్ మళ్ళీ కావాలా, కావాలంటే ఏ రోజు, విరిగిన కాలి మీద బరువు మోపొచ్చా, ఎంత మోపొచ్చు, ఇవన్నీ ఆయన నోటితో చెప్పించి రాసుకున్నారంటే మీ చేతిలో ఒక లెక్క ఉంటుంది. ఆ తర్వాత ప్రతి ఉదయం నేను మొదట్లో చెప్పిన ప్రశ్న అడగండి. యాంటీబయాటిక్ సెలైన్‌లోనే ఎక్కించాలి, గాయం నుంచి ఇంకా కారుతోంది, రాత్రి జ్వరం వచ్చింది, ఆక్సిజన్ తీస్తే పడిపోతోంది, ఇలాంటి జవాబు వస్తే ఆ రోజు అవసరమైన రోజు, మీ బంధువులతో కూడా అదే చెప్పండి. వరసగా రెండు రోజులు "ఫలానా డాక్టర్ చూడాలి" అన్న జవాబే వస్తే మాత్రం మెత్తగా, కానీ వదలకుండా పట్టుకోండి, ఆయన ఎప్పుడు చూస్తారు, ఇవాళ ఎవరు గుర్తు చేస్తారు అని.

సంతకం పెట్టి తీసుకొచ్చేయడం గురించి నా మాట గట్టిగానే చెప్తాను, వద్దు. అలా తెచ్చేస్తే మందుల చీటీ సరిగ్గా ఉండదు, తర్వాత చూపించుకునే తేదీ ఉండదు, కాలి మీద బరువు సంగతి ఎవరూ చెప్పి ఉండరు, నాలుగు రోజుల్లో మళ్ళీ ఎమర్జెన్సీ గుమ్మం ఎక్కితే ఇప్పుడు మిగిలిందనుకున్న డబ్బుకు రెట్టింపు పోతుంది. అనుమానం తీరకపోతే రిపోర్టులు, స్కాన్ల కాపీలు అడిగి తీసుకుని ఇంకో డాక్టర్‌కు చూపించండి, తప్పదనుకుంటే పద్ధతి ప్రకారం వేరే ఆసుపత్రికి మార్పించండి.

మీ వదిన భయం తీరే మార్గం కూడా ఆసుపత్రిలోనే ఉంది, డిశ్చార్జ్ రోజు దాకా ఆగితే తీరదు. ఈ రోజు నుంచే నర్సు పక్కన నిలబడి పక్కకు తిప్పడం, మంచం మీంచి కూర్చోబెట్టడం, వాకర్ పట్టించడం, డ్రెస్సింగ్ చూడ్డం ఆమెను స్వయంగా చెయ్యమనండి, పక్కన నేర్పేవాళ్ళు ఉన్నప్పుడు చేతులు వణికినా ఫర్వాలేదు. ఇంట్లో మంచం కింది అంతస్తులో పడుతుందా, బాత్రూమ్‌లో వాకర్ పడుతుందా, పట్టుకోవడానికి ఊతం ఉందా, పగలు ఆమె పనికెళ్తే ఎవరుంటారు, ఇవి ఇప్పుడే చూసుకోండి. డాక్టర్ సరే అన్నాక ఇల్లు సిద్ధంగా లేక ఆగిపోయే రోజులు నేను చెప్పిన ఎదురుచూపుల్లో పెద్ద వాటా, వాటిని తగ్గించడం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. అంతా సిద్ధం చేసుకున్నా ఇంట్లో రోజంతా కనిపెట్టుకుని ఉండడం కుదరదనిపిస్తే, నేరుగా ఇంటికి కాకుండా నడక నేర్పే రిహాబ్ కేంద్రానికి పంపే వీలుందా అని అదే పది నిమిషాల్లో అడగండి, అక్కడ ఖాళీ దొరకడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

ఇంటికొచ్చాక ఏవి కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్ళాలో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. మగతగా ఉండి లేపితే లేవకపోవడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, ఫిట్స్, తలనొప్పి రోజురోజుకీ పెరగడం, ఒక వైపు చేయో కాలో బలహీనపడడం తల తాలూకు గుర్తులు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక పిక్క వాచి నొప్పెట్టడం రక్తం గడ్డకట్టిందనడానికి గుర్తులు కావచ్చు. గాయం ఎర్రబడి చీము కారడం, చలితో జ్వరం రావడం ఇన్‌ఫెక్షన్ గుర్తులు కావచ్చు. ఆ కాగితం మీద పగలు ఒక ఫోన్ నంబరు, రాత్రి ఎత్తే నంబరు ఒకటి రాయమని అడగండి, రాసిచ్చాక ఆసుపత్రి గుమ్మం దాటకముందే ఆ రెండూ ఒకసారి కలిపి చూడండి.